గట్టి సెల్యులోజ్ జెల్ కావాలా? ముందు దేనికో చెప్పండి

"మేడమ్, సెల్యులోజ్‌తో హైడ్రోజెల్ చేద్దామనుకుంటున్నాం. స్ట్రాంగ్‌గా రావాలి. ఏ పద్ధతి పట్టుకోమంటారు?"

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నాకు ఈ ఫోను తప్పదు. సెల్యులోజ్ అంటే మొక్కల పోగుల్లో ఉండే పదార్థం, హైడ్రోజెల్ అంటే నీళ్లు పట్టి ఉంచే జెల్లీ లాంటిది. ఒకరు తార్నాక నుంచి, ఒకరు కంది నుంచి, ఇంకొకరు ఘట్‌కేసర్ వైపు కాలేజీ నుంచి. నేను తిరిగి అడిగేది ఒక్కటే: దేనికి? గాయం మీద వేసే పట్టీకా, పొలంలో తడి నిలపడానికా, మోచేతి మీద అంటించే సెన్సర్‌కా, అరిగిన కీలు మృదులాస్థికి బదులుగానా? అవతల కాసేపు నిశ్శబ్దం. చదివిన పరిశోధన పత్రం పేరులో "హై స్ట్రెంగ్త్" అని ఉంది, అదే కావాలి, అంతే. బట్టల కొట్టుకెళ్లి "గట్టి చీర ఇవ్వండి" అంటే కొట్టతను కూడా పెళ్లికా, రోజూ కట్టుకోవడానికా అని అడిగాకే చీర తీస్తాడు.

అందుకే ఈ సలహా అంతా ఆ "దేనికి" చుట్టూనే తిరుగుతుంది. అందరికీ ఒకే మంచి పద్ధతి అంటూ లేదు. ప్రతి పద్ధతీ బలాన్ని ఇచ్చి బదులుగా ఏదో ఒకటి తీసుకుంటుంది. నీటినో, సాగుడునో, సమయాన్నో, కొన్నిసార్లు "ఇది మొక్క నుంచే వచ్చింది" అని చెప్పుకునే హక్కునో.

బలం అన్న మాటలో ఏముంది

తాటిముంజ గుర్తు తెచ్చుకోండి. చెట్టు తనకు తానే చేసుకున్న హైడ్రోజెల్ అది. ఎక్కువ భాగం నీళ్లే అయినా కారిపోదు, ఆకారం నిలుస్తుంది. కానీ బొటనవేలు గుచ్చితే చిట్లుతుంది. మన మోకాలి మృదులాస్థిలోనూ 70–80 శాతం దాకా నీళ్లే. అది మాత్రం బస్సు వెనక పరిగెత్తినప్పుడు కూడా మన బరువంతా మోస్తుంది. కాబట్టి "నీళ్లున్నాయి, మెత్తగానే ఉంటుంది" అన్న సాకు చెల్లదు. తేడా అంతా ఆ నీళ్ల మధ్య అల్లికలో ఉంది. అణువుల గొలుసులు ఎంత పొడవు, వాటి మధ్య ముడులు ఎన్ని, లాగినప్పుడు ఆ ముడులు ఒక్కసారిగా తెగుతాయా లేక జారి మళ్లీ పట్టుకుంటాయా, పోగులన్నీ ఒకే దిక్కుకు పడుకున్నాయా. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని పనిచేసేవే.

ఇక బలం అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు గుణాలు దాక్కుని ఉన్నాయి. లాగితే తెగకపోవడం ఒకటి. నొక్కితే చితకకపోవడం రెండోది. అంచున చిన్న గాటు పడ్డా చీలిక పాకకపోవడం మూడోది. జున్ను ముక్క నొక్కితే కాస్త ఆగుతుంది, లాగితే తెగిపోతుంది. పరోటా పిండి లాగితే సాగుతుంది, బరువు పెడితే కుంగుతుంది. మృదులాస్థికి రెండోదీ మూడోదీ కావాలి. మోచేతి సెన్సర్‌కి మొదటిదీ మూడోదీ కావాలి. పొలంలో వేసే గుళికలకైతే మూడూ పెద్దగా అక్కర్లేదు. ఈ సంగతి తేలకముందే రసాయనాలకు ఆర్డర్ పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను.

అంకెల కోసం ఒక బండ గుర్తు: అడ్డుకోత ఒక చదరపు సెంటీమీటరు ఉన్న కడ్డీకి 1 మెగాపాస్కల్ బలం ఉందంటే దాదాపు 10 కిలోలు వేలాడదీయవచ్చు.

ఆ అంకె పక్కన నీటి శాతం రాయలేదంటే దాన్ని నమ్మకండి. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. బెంచీ మీద మూత లేకుండా వదిలిన పలుచటి జెల్ పట్టీ పరీక్ష వంతు వచ్చేసరికి సగం ఎండిపోతుంది. అప్పుడు లాగితే బ్రహ్మాండమైన బలం కనిపిస్తుంది. అది జెల్ బలం కాదు, ఎండల మహిమ. ఒక ఏడాది నా సొంత ఫలితాలే జూలైలో మళ్లీ చేస్తే సగానికి సగం పడిపోయాయి. కారణం వెతుక్కోవడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు నమూనాలన్నీ తడి దూది వేసిన జిప్ కవర్లో పెట్టి, పరీక్షకు ముందూ తర్వాతా తూచి చూస్తాను.

ముడిసరుకు: ఈ ఊళ్లో ఉన్నందుకు ఒక లాభం

హైదరాబాద్ మందుల తయారీ ఊరు. జీడిమెట్ల నుంచి జీనోమ్ వ్యాలీ దాకా మాత్రలు చేసే ప్రతి చోటా మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ సంచులు ఉంటాయి. మాత్రకు ఒళ్లు ఇచ్చే తెల్ల పొడి అది. శుద్ధమైనది, ఏ బ్యాచ్ చూసినా ఒకేలా ఉంటుంది, ఏ కెమికల్ డీలరైనా తెప్పించి ఇస్తాడు. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక్క లోపం ఉంది. ఆమ్లంతో ఉడికించి చేస్తారు కాబట్టి గొలుసులు పొట్టివి, ఒక్కోదానిలో రెండు మూడు వందల గ్లూకోజ్ లింకులే. సులువుగా కరుగుతుంది గానీ జెల్ కాస్త పెళుసుగా వస్తుంది.

రెండో మాట పత్తి. ఆదిలాబాద్, వరంగల్ పత్తి జిల్లాలు మనకు దగ్గర. పత్తిలో 90 శాతం పైగా సెల్యులోజే. "మందుల షాపు దూది తెచ్చి కరిగిస్తే పోలా?" అని నేనూ అనుకున్నాను. రాత్రంతా తిప్పినా పోగులు ఉబ్బాయి తప్ప కరగలేదు. దూదిలో గొలుసులు వేలల్లో పొడవుంటాయి. కింద చెప్పే చల్లటి క్షార ద్రావణానికి కొన్ని వందల దాకానే చేతనవుతుంది. పలుచటి ఆమ్లంలో కాసేపు వేడిచేసి గొలుసులు తగ్గిస్తే దారికొస్తుంది. మరీ తగ్గించారా, అది మైక్రోక్రిస్టలైన్ పొడి దగ్గరికే వచ్చి ఆగుతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలన్నదే విద్య.

చెరకు పిప్పి, వరిగడ్డి, మొక్కజొన్న బెండ్లు తెస్తామని ఉత్సాహపడేవాళ్లూ ఉంటారు. మంచి ఉద్దేశమే. కానీ సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్, హెమిసెల్యులోజ్ తీసేయడమే ఒక పూర్తి ప్రాజెక్టు, గడ్డిలోనైతే సిలికా అదనం. ఆరు నెలల సమయంలో ఇది పెట్టుకుంటే జెల్ దాకా రారు. ఎవరో ఒకరు తెల్లబరిచిన కాగితపు గుజ్జు ఇస్తామంటే మాత్రం వదులుకోవద్దు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. బకెట్ అంచున తెల్ల పొర కట్టేది అదే. కార్బాక్సిల్ గుంపులు, అంటే రుణావేశం మోసే ఆమ్ల గుంపులు, ఉన్న ఏ సెల్యులోజ్‌నైనా ఆ కాల్షియం ముడివేసేస్తుంది. మీరు క్రాస్‌లింక్ చేయకముందే, అంటే గొలుసుల మధ్య ముడులు వేయకముందే, బోరు చేసిపెడుతుంది. డిస్టిల్డ్ వాటర్ దగ్గర పిసినారితనం వద్దు.

చల్లటి కాస్టిక్ సోడా, యూరియా: నా మొదటి ఓటు

సెల్యులోజ్ నీళ్లలో కరగదు. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు అంత గట్టివి. చైనాలోని ఊహాన్ విశ్వవిద్యాలయంలో లీనా జాంగ్ బృందం చూపిన చిట్కా ఇది: 7 భాగాల కాస్టిక్ సోడా, 12 భాగాల యూరియా, 81 భాగాల నీళ్లు కలిపి, మైనస్ 12 డిగ్రీలకు చల్లార్చి, సెల్యులోజ్ వేసి గట్టిగా తిప్పితే కొద్ది నిమిషాల్లో కరిగిపోతుంది. వేడిచేస్తే ఏదైనా బాగా కరుగుతుందని చిన్నప్పటి నుంచి అలవాటైన బుర్రకు ఇది తలకిందులుగా తోస్తుంది. చలిలో క్షారం, నీళ్లు కలిసి గొలుసుకు అతుక్కుంటాయి. యూరియా దాని చుట్టూ తొడుగులా నిలిచి గొలుసులు మళ్లీ ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది.

మైనస్ 12కి చిల్లర్ లేదని దిగులు పడక్కర్లేదు. కుల్ఫీ బండి అతను మండుటెండలో మలై కుల్ఫీ ఎలా గట్టిపరుస్తాడు? ఐసులో ఉప్పు వేసి. ఆ మిశ్రమం మైనస్ 21 దాకా పోగలదు. థర్మాకోల్ పెట్టె, దంచిన ఐసు, రాళ్ల ఉప్పు, ఒక థర్మామీటరు, పైన కదిపే స్టిర్రర్ ఉంటే చాలు. ద్రావణాన్ని ముందు బాగా చల్లార్చాకే పొడి వేయండి. పొడి వేశాక చల్లారుద్దామంటే ఉండలు కడుతుంది.

యూరియా ఎరువుల దుకాణం నుంచి తేకండి. మన దగ్గర ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, జెల్‌కు రంగూ వాసనా రెండూ అంటుకుంటాయి. పైగా రాయితీ మీద రైతు కోసం వచ్చే సరుకు అది. ల్యాబ్ గ్రేడు డబ్బా కొనండి. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే సలసలా వేడెక్కుతుందని, కంటికి కళ్లద్దాలు పెట్టుకోవాలని మళ్లీ చెప్పనవసరం లేదనుకుంటాను. అయినా చెబుతున్నాను.

కరిగిన ద్రావణం తేనెలా చిక్కగా, బుడగలతో ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో బుడగలు పోగొట్టి అచ్చులో పోయాలి. ఆలస్యం చేయొద్దు. ఇది వెచ్చబడితే గడ్డకట్టే రకం, మళ్లీ వెనక్కి రాదు. ఒక మే నెలలో, ఏసీ పనిచేయని గదిలో, బీకరు బల్ల మీద పెట్టి ఇరానీ చాయ్‌కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బీకరూ లోపలి మాగ్నెటూ జెల్లూ ఒకే ముద్ద. దాన్ని చాలా రోజులు పేపర్‌వెయిట్‌లా వాడుకున్నాను.

తర్వాత దాన్ని గట్టిపరిచే స్నానం. పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచితే చకచకా గట్టిపడుతుంది గానీ బయట చర్మంలా కట్టి లోపల వదులుగా మిగిలే ప్రమాదం ఉంది. ఆల్కహాల్లో నెమ్మదిగా, అంతటా సమంగా వస్తుంది. నాకు ఆల్కహాలే ఇష్టం. ఆ తర్వాత తటస్థం అయ్యేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. రెండు మూడు రోజుల పని.

ఇలా వచ్చిన జెల్ గాజులా పారదర్శకంగా, ముట్టుకుంటే తృప్తిగా ఉంటుంది. ఇంకా బలం కావాలంటే ఆల్కహాల్లోకి వెళ్లేముందు సగం గట్టిపడ్డ పట్టీని రెండు చివర్లూ పట్టి సాగదీసి, అలాగే బిగించి ఉంచండి. గొలుసులు లాగిన దిక్కుకు తిరిగి అక్కడే బిగుసుకుంటాయి. ఆ దిక్కులో బలం బాగా పెరుగుతుంది, అడ్డంగా మాత్రం అంత పెరగదు. రసాయనం ఒక్క చుక్క కూడా పెరగకుండా వచ్చే బలం ఇది. చాలామంది ఈ మెట్టు దాటవేసి నేరుగా క్రాస్‌లింకర్ సీసా వైపు చూస్తారు. అది నాకు ఎప్పుడూ చిరాకే.

రెండు రకాల ముడులు

ఆ సీసాలో చాలాసార్లు ఉండేది ఎపిక్లోరోహైడ్రిన్. ఇదే క్షార ద్రావణంలో కొన్ని చుక్కలు వేస్తే గొలుసుల మధ్య పర్మనెంట్ రసాయన ముడులు పడతాయి. ముడులు అవొక్కటే ఉంటే జెల్ సాగుతుంది కానీ బలహీనం, నీళ్లు తాగి ఉబ్బిపోతుంది. వాటి తర్వాత ఆల్కహాల్ స్నానం ఇస్తే గొలుసులు అక్కడక్కడ మళ్లీ దగ్గరై చిన్న స్ఫటికపు గుత్తులు కడతాయి. ఇవి రెండో రకం ముడులు. లాగినప్పుడు ముందుగా ఈ గుత్తులు విడిపోయి దెబ్బను మింగుతాయి, రసాయన ముడులు ఆకారాన్ని కాపాడతాయి. ముందు తెగేవి కొన్ని, చివరిదాకా నిలిచేవి కొన్ని అన్న ఈ ఆలోచనను 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం వేరే పాలిమర్లతో చూపించింది. గట్టి హైడ్రోజెల్స్ కథ అక్కడే మలుపు తిరిగింది.

సాగుడూ బలమూ రెండూ కావాలి, అయినా మొత్తం సెల్యులోజే ఉండాలి అంటే ఈ దారికి పోటీ లేదు. అయినా బీఎస్సీ పిల్లలకు నేను ఇది చెప్పను. ఎపిక్లోరోహైడ్రిన్ ఆవిరయ్యే విషం. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. విషపు ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ సరిగా పనిచేయని చోట మూత కూడా తీయకూడదు. హుడ్ ముందు కాగితం ముక్క పట్టుకుని చూడండి. లోపలికి లాగకపోతే అది హుడ్ కాదు, అలమారా. గాయం పట్టీ చేస్తున్నవాళ్లు మిగిలిపోయిన క్రాస్‌లింకర్ గురించి ఎవరైనా అడిగితే ఏం జవాబు చెబుతారో ముందే ఆలోచించుకోండి.

సీఎంసీ: బలం అక్కర్లేని వాళ్లకు

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (సీఎంసీ) మామూలు నీళ్లలోనే కరుగుతుంది. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో ఉండేదే. సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు, కలిపి ఆరబెట్టి ఓవెన్‌లో వేడిచేస్తే గొలుసుల మధ్య ఎస్టర్ ముడులు పడతాయి. విషం లేదు, ఖర్చు లేదు. అమెరికాలో 2019లో బరువు తగ్గడానికి అనుమతి పొందిన ఒక గొట్టం మాత్రలో ఉన్నది ఈ జతే. కడుపులో నీళ్లు పీల్చి ఉబ్బడం దాని పని. మన ఊరి మాత్రల్లో చిట్లడానికి వేసే క్రాస్‌కార్మెలోజ్ కూడా ముడులు పడ్డ సీఎంసీయే.

దీన్ని బలం కోసం ఎంచుకుంటే నిరాశే. గొలుసుల మీద ఉన్న రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని నీళ్లను లాగేస్తాయి. ఉబ్బిన కొద్దీ ఒక్కో ముడి మీద భారం పెరుగుతుంది. పీల్చుకునే శక్తి, బలం ఒకే ఒరలో ఇమడవు. చెల్క నేలల్లో తడి నిలపాలి, మిద్దెతోటలో కుండీలకు వాడాలి అనుకునేవాళ్లకైతే ఇదే సరైనది. ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ చేసిన పూసా హైడ్రోజెల్ కూడా సెల్యులోజ్ మీద కట్టినదే. ఎంత పీలుస్తుందో కొలిచేటప్పుడు డిస్టిల్డ్ నీళ్లలోనూ, పొలం బోరు నీళ్లలోనూ విడివిడిగా కొలవండి. రెండో అంకె చాలా చిన్నది, రైతుకు పనికొచ్చేది మాత్రం అదే.

నానో పోగులు

ఈ మాటకు ఈ మధ్య గ్లామర్ ఎక్కువ. సంగతి కూడా నిజంగానే గొప్పది. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసోగై, త్సుగుయుకి సైటో టెంపో అనే ఉత్ప్రేరకంతో సెల్యులోజ్ పోగుల ఉపరితలాన్ని మాత్రమే ఆక్సీకరించి, వాటిని 3–4 నానోమీటర్ల వెడల్పున్న సన్నటి దారాలుగా విడదీశారు. 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది ఈ పనికే, యోషిహారు నిషియామాతో కలిపి. ఇక్కడ సెల్యులోజ్‌ను కరిగించం. మొక్క పేర్చిన స్ఫటికపు అమరిక అలాగే ఉంటుంది.

చేయడం మరీ కష్టం కాదు. టెంపో, సోడియం బ్రోమైడ్, బ్లీచింగ్ ద్రవం వేసి పీహెచ్ 10 దగ్గర నిలబెడుతూ కూర్చోవాలి. ఆక్సీకరణ సరిగా జరిగితే పోగులు విడదీయడానికి లక్షల ఖరీదు హోమోజనైజర్ లేకపోయినా ఇంటి మిక్సీతో కొంత పని జరుగుతుంది. ఆ మిక్సీ మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. టెంపో ఖరీదు మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది.

వందలో ఒక పాలు ఘనపదార్థం ఉన్నా చాలు, గిన్నె బోర్లించినా జారని జెల్ అవుతుంది. కాల్షియం, ఇనుము, అల్యూమినియం లవణాల్లో ముంచితే ఇంకా బిగుస్తుంది. ఇక్కడే పిల్లలు మోసపోతారు. గిన్నెలో కదలకుండా నిలవడం ఒకటి, లాగితే తెగకపోవడం ఇంకొకటి. 99 శాతం నీళ్లున్న ఆ జెల్‌ను పట్టీగా కోసి లాగితే చైనా గ్రాస్ ముక్కలా పుటుక్కుమంటుంది. నీటిని వడకట్టి, ఒత్తి, ఘనపదార్థం పెంచి, ఆ తర్వాత లోహపు అయాన్లతో ముడివేస్తే నిజమైన బలం వస్తుంది. అప్పుడు అది జెల్ కంటే తడి కాగితానికి దగ్గరగా ఉంటుంది. మీకు కావలసింది పలుచటి పొరే అయితే ఫరవాలేదు.

64 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే నానో స్ఫటికాల సంగతి ఒక్క మాటలో: పొట్టి పుల్లలు, వాటంతట అవి గట్టి జెల్ కట్టవు. ఇంకో జెల్‌లో ఉక్కు కడ్డీల్లా దూర్చడానికి పనికొస్తాయి. ఆమ్లాన్ని సన్నటి పొర గుండా కడిగేసే డయాలిసిస్‌కి ఓపిక ఉంటే చేయండి, లేకపోతే కొనుక్కోండి.

పీవీఏతో పొత్తు

పాలీవినైల్ ఆల్కహాల్‌ను (పీవీఏ, మొక్కది కాని కృత్రిమ పాలిమర్) వేడినీళ్లలో కరిగించి, నానో పోగులు కలిపి, రాత్రంతా మైనస్ 20లో గడ్డకట్టించి పగలు కరగనివ్వాలి. ఇలా నాలుగైదుసార్లు. ఐసు స్ఫటికాలు పెరుగుతూ గొలుసులను పక్కకు నెట్టి కుక్కుతాయి, అక్కడ చిన్న చిన్న స్ఫటికాలు పడతాయి. క్రాస్‌లింకర్ ఏదీ లేదు. డీప్ ఫ్రీజర్ ఉంటే సరి. కరెంటు పోతే మాత్రం మీ లెక్కలో లేని చక్రం ఒకటి అదనంగా చేరుతుంది, కాబట్టి ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం పెట్టండి. పీవీఏ కొనేటప్పుడు పూర్తిగా హైడ్రోలైజ్ అయిన రకం, 98–99 శాతం అని రాసి ఉన్నదే అడగండి. 87–89 శాతం రకం సులువుగా కరుగుతుంది గానీ ఈ పద్ధతిలో సరిగా గడ్డకట్టదు. ఈ ఒక్క తేడా వల్ల నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఆ తర్వాత గాఢమైన ఉప్పు ద్రావణంలో, సోడియం సిట్రేట్ లాంటిదాంట్లో, నానబెడితే బలం అమాంతం పెరుగుతుంది. ఉప్పు నీటిని లాక్కుంటుంది, గొలుసులు దగ్గరవుతాయి. మామిడికాయ ముక్కలు ఉప్పులో ఊరి ముడుచుకున్నట్టే. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో పీవీఏను ఒకే దిక్కుగా గడ్డకట్టించి, ఆపై ఉప్పులో ఊరబెట్టి 23 మెగాపాస్కల్ దాటించారు. అదీ ఎన్నో రెట్లు సాగే జెల్‌తో.

మోచేతి సెన్సర్ చేసేవాళ్లకు నా సలహా ఇదే. కాకపోతే పోస్టర్ మీద "మొక్కల సెల్యులోజ్ హైడ్రోజెల్" అని పెద్దక్షరాలతో రాయకండి. అందులో పది పాళ్లు పీవీఏ, ఒక పాలు సెల్యులోజ్ ఉంటే అది సెల్యులోజ్ కలిపిన పీవీఏ జెల్. ఎగ్జామినర్ ఎవరైనా ఈ ప్రశ్న అడగకుండా వదలరు, వదలకూడదు కూడా.

చెక్కనే జెల్‌గా మార్చడం

నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది. మనం కరిగించి, విడదీసి, మళ్లీ వరసలో పేర్చడానికి ఇన్ని తంటాలు పడుతుంటే, చెట్టు ఆ పోగులను ముందే ఒకే దిక్కుకు పేర్చి పెట్టింది. అలాంటప్పుడు విడదీయడం ఎందుకు? చెక్క ముక్కను రసాయనాల్లో ఉడికించి లిగ్నిన్ తీసేస్తే తెల్లటి మెత్తటి అస్థిపంజరం మిగులుతుంది. దాని ఖాళీల్లో పాలీఅక్రిలమైడ్ జెల్ నింపాలి. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో లియాంగ్‌బింగ్ హు బృందం 2018లో చూపిన చెక్క జెల్ పోగుల దిక్కులో 36 మెగాపాస్కల్ తట్టుకుంది. అదే పాలీఅక్రిలమైడ్ ఒంటరిగా 0.072. మన బండ గుర్తుతో చెప్పాలంటే చదరపు సెంటీమీటరు కడ్డీకి ఒకటి 360 కిలోల లెక్క, రెండోది ముప్పావు కిలో కూడా కాదు.

కట్టెను చీల్చినప్పుడు నిలువునా ఎంత సులువుగా పగులుతుందో చూశారు కదా. ఈ జెల్‌కీ ఆ బుద్ధి పోదు, అడ్డంగా లాగితే తేలిపోతుంది. సాగుడు కూడా తక్కువ. స్నాయువు లాంటి, ఒకే దిక్కులో భారం మోసే పనికి దీన్ని మించింది లేదు. అన్ని వైపులా వంగాల్సిన దానికి వద్దు. చెక్క ఎంచుకునేటప్పుడు తేలికదీ, నీళ్లు సులువుగా ఇంకేదీ చూడండి. టేకుతో మొదలుపెడితే లిగ్నిన్ తీయడంలోనే సంవత్సరం గడిచిపోతుంది. బూరుగు లాంటి మెత్తటి కర్ర నయం. రెండు మిల్లీమీటర్లకు మించని పలకలు కోయించండి. పాలీఅక్రిలమైడ్ చేసే అక్రిలమైడ్ పొడి నరాలకు విషం, జెల్‌గా మారాకే ఆ ప్రమాదం తగ్గుతుంది. గ్లౌజులు లేకుండా డబ్బా ముట్టుకోవద్దు.

అయానిక్ ద్రవాలు, లిథియం క్లోరైడ్‌తో డైమిథైల్ అసిటమైడ్, ఎన్‌ఎంఎంఓ లాంటి ద్రావణుల గురించీ అడుగుతుంటారు. పొడవాటి గొలుసులను కూడా కరిగిస్తాయి కాబట్టి మంచి జెల్స్ వస్తాయి. కానీ ద్రావణిని తిరిగి పట్టుకునే ఏర్పాటు లేని విద్యార్థి ల్యాబ్‌లో వాటి ఖర్చు అర్థం లేనిది. వాటిలో కొన్ని గాలిలోని తేమను కూడా ఓర్చుకోవు, వానాకాలంలో మరీ పేచీ.

ఎవరికి ఏది

హుడ్ లేదు, డబ్బు లేదు, ఒక సెమిస్టరే ఉంది అంటే చల్లటి క్షార పద్ధతి, మైక్రోక్రిస్టలైన్ పొడి, ఆల్కహాల్ స్నానం, చేతనైతే సాగదీయడం. గాయం పట్టీకి కూడా ఇదే పద్ధతి నయం, క్షారం పూర్తిగా కడిగారని పీహెచ్ కాగితంతో రుజువు చూపగలిగితే. నేలలో తడికి సీఎంసీ, నిమ్మ ఉప్పు. సాగే సెన్సర్‌కి పీవీఏ, నానో పోగులు, ఉప్పు స్నానం. పలుచటి గట్టి పొరకి నానో పోగులు వడకట్టి ఒత్తడం. ఒకే దిక్కులో బరువు మోయాలంటే చెక్క. మొత్తం సెల్యులోజే ఉండాలి, సాగాలి, తెగకూడదు, పైగా మంచి హుడ్డూ పక్కన అనుభవమున్న మనిషీ ఉన్నారు అంటే, అప్పుడు మాత్రమే రెండు ముడుల దారి. మృదులాస్థి అన్నవాళ్లను నేను ముందు కూర్చోబెట్టి చాయ్ ఇస్తాను. అది ఒక ప్రాజెక్టుతో తేలే పని కాదు.

పరీక్ష విషయంలో ఒక్క హెచ్చరిక. సివిల్ డిపార్ట్‌మెంట్లో ఇనుప కడ్డీలు లాగే యంత్రం ఉందని మురిసిపోయి జెల్ పట్టుకెళ్లకండి. టన్నులు కొలిచే లోడ్ సెల్‌కి (లాగే బలాన్ని కొలిచే భాగానికి) మీ జెల్ ఉనికే తెలియదు. 50 లేదా 100 న్యూటన్ల లోడ్ సెల్ ఉన్న యంత్రం వెతకండి. చర్లపల్లిలోని సిపెట్ లాంటి ప్లాస్టిక్ పరీక్షా కేంద్రాలకు ఫోన్ చేసేటప్పుడు మొదట అడగాల్సింది ఆ సంగతే. పట్టుకునే దవడల్లో జెల్ జారిపోతుంది, చివర్లకు గరుకు కాగితం చుట్టండి. తెగింది మధ్యలోనా, దవడ దగ్గరా అన్నది రాసుకోండి. దవడ దగ్గర తెగిన అంకెలు పారేయాల్సిందే.

యంత్రం దొరికేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ కోసి, కింద క్లిప్పుకి ప్లాస్టిక్ డబ్బా వేలాడదీసి, నెమ్మదిగా నీళ్లు పోస్తూ పోండి. డబ్బాతో కలిపి ఒక కిలో దగ్గర తెగితే మీ జెల్ బలం దాదాపు 0.49 మెగాపాస్కల్. పట్టీని అంతకుముందు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి ఉండాలి. ఉప్పు స్నానంలో వచ్చిన బలం నీళ్లలో ఎంత నిలుస్తుందో అప్పుడే బయటపడుతుంది.